బ్యాండు వాద్యాలకు బంధుత్వం కలిపిన అడాల్ఫ్ సాక్స్

సముద్రపు ఒడ్డున ఉన్న మా చిన్న పట్టణంలో బ్యాండు మేళం లేకుండా ఒక పెండ్లి గాని, ఒక అంతిమయాత్ర గాని జరిగినట్టు మాకు జ్ఞాపకం లేదు. క్రిస్మసు రాత్రి పాటల జట్టు వెంట వీధులు తిరిగేది వారే. ఈస్టరు నాడు చీకటితో లేచి సమాధుల తోటకు ముందు నడిచేది వారే. పగలు వలలు లాగేవారు, బట్టలు కుట్టేవారు, రిక్షా త్రొక్కేవారు సాయంత్రం ఎర్రకోటు తొడిగి ఇత్తడి వాద్యం చేత పట్టుకొంటే వేరే మనుషులయ్యేవారు. శతవార్షిక సంచికకు ఏదైనా వ్రాయుమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు మాకు మొదట తోచినది ఈ బ్యాండు సంగతే. ఆ వాద్యాలు ఎక్కడివి, వాటికి ఆ రూపం ఇచ్చినది ఎవరు అని వెదుకుతూ పోగా, చివరకు బెల్జియం దేశంలో ఒక వడ్రంగి ఇంటి ముంగిట తేలాము. ఆ ఇంటి పెద్దకొడుకే అడాల్ఫ్ సాక్స్. సాక్సఫోను పేరు విన్నవారికి ఆయన పేరు సగం తెలిసినట్టే. కాని మా ఊరి బ్యాండు ఆయనకు పడిన ఋణం సాక్సఫోను కంటె చాల పెద్దది.

ఆయన 1814వ సంవత్సరం నవంబరు 6వ తేదీన మ్యూజ్ నది ఒడ్డున దినాన్ అనే ఊరిలో జన్మించారు. పెట్టిన పేరు ఆంటొయిన్ జోసెఫ్. అందరూ పిలిచినది అడాల్ఫ్ అని. తండ్రి షార్ల్ జోసెఫ్ కొయ్యపని నేర్చినవాడు. తరువాత వాద్యాలు చేయడంలో దిగి, బ్రస్సెల్స్ నగరానికి కాపురం మార్చి, రాజుగారి ఆస్థానానికి వాద్యాలు అందించేంతటి వాడయ్యాడు. పదకొండుమంది బిడ్డలలో అడాల్ఫ్ మొదటివాడు.

ఈ బిడ్డ బ్రతకడమే ఒక కథగా చెప్పుకొంటారు. మూడంతస్తుల మెట్ల మీదనుంచి పడి తల రాతికి కొట్టుకొన్నదట. పాలు అనుకొని ఆమ్లం కలిపిన నీళ్లు త్రాగాడట. గుండుసూది మ్రింగాడు, తుపాకిమందు పేలి ఒళ్లు కాల్చుకొన్నాడు, ఏటిలో కొట్టుకొనిపోతుంటే ఎవరో పైకి లాగారు. ఇంటికప్పు పలక ఊడి నెత్తిన పడడం ఒకటి. వీడు దురదృష్టానికే పుట్టాడని తల్లి దిగులు పడేదని, ఇరుగుపొరుగువారు పిల్లవాణ్ణి దయ్యం అని పిలిచేవారని చెబుతారు. ఇందులో ఎంత నిజమో, ఎంత తరువాత చేర్చినదో గాని, పడిన ప్రతిసారీ లేవడం ఆయనకు పసితనంలోనే అలవాటయింది. ముందు ముందు ఆ అలవాటు బాగా అక్కరకు వచ్చింది.

తండ్రి కార్ఖానాలో పని నేర్చుకొంటూనే బ్రస్సెల్స్ సంగీత పాఠశాలలో పిల్లనగ్రోవి, క్లారినెట్టు అభ్యసించాడు. చేసే చేయి, ఊదే నోరు రెండూ ఒక్క మనిషిలో కలవడం అరుదు. 1838లోనే మంద్రస్వరాల క్లారినెట్టును సరిదిద్ది దానికి పేటెంటు పొందాడు. బ్రస్సెల్స్ ప్రదర్శనలో బంగారు పతకం రావలసి ఉండగా, ఇంత చిన్నవానికి ఇప్పుడే ఇస్తే పైయేడు ఇచ్చేందుకు ఏమీ మిగలదని పెద్దలు తక్కువ పతకంతో సరిపెట్టారు. ఆ అవమానం దిగమ్రింగలేక 1842లో పారిస్ చేరాడు. చేతిలో చిల్లర డబ్బులే ఉన్నాయంటారు. సంగీతకారుడు బెర్లియోజ్ ఆయన వాద్యాలు విని, ఆ సంవత్సరం జూన్ నెలలోనే పత్రికలో మెచ్చుకొంటూ వ్రాశాడు. దానితో సెయింట్ జార్జెస్ వీధిలోని చిన్న కార్ఖానాకు తలుపు తట్టేవారు పెరిగారు.

ఇక్కడ కాస్త ఆగి, ఇత్తడి వాద్యం సంగతి చెప్పాలి. సైన్యంలో ఊదే సాదా బ్యూగిల్ అందరూ చూసినదే. దానికి మీటలు లేవు. పెదవుల బిగువును బట్టి నాలుగైదు స్వరాలు పలుకుతాయి, మధ్య స్వరాలు పలకవు. కాబట్టి పిలుపులు ఊదవచ్చు, కీర్తన ఊదలేము. 1818లో ప్రష్యా దేశంలో ఇద్దరు వాద్యకారులు వాల్వుకు పేటెంటు పొందడంతో ఈ చిక్కు విడింది. వాల్వు నొక్కితే గొట్టానికి మరికొంత గొట్టం తోడవుతుంది. గొట్టం పొడవు పెరిగితే స్వరం దిగుతుంది. మధ్య వాల్వు అర స్వరం, మొదటిది పూర్తి స్వరం, మూడవది ఒకటిన్నర స్వరం దించుతాయి. ఈ మూడింటిని కలిపి, విడదీసి నొక్కితే అన్ని స్వరాలూ వస్తాయి. ఇది సాక్స్ కనిపెట్టినది కాదు. ఆయన అభిమానులు కొందరు అంతా ఆయనకే కట్టబెడతారు గాని అది న్యాయం కాదు.

మరి సాక్స్ చేసినదేమిటి? ఆనాటి సైనిక బ్యాండులో ఎవరి వాద్యం వారిదే. ఒకదానికి తాళపుచెవుల వంటి మూతలు, ఒకదానికి వట్టి రంధ్రాలు, ఇంకొకదానికి వాల్వులు. ఒకరి గొట్టం సన్నం, ఒకరిది వెడల్పు. ఒక వాద్యం నేర్చినవానికి ప్రక్కవాని వాద్యం పరాయి భాష. పైగా అన్నీ కలిసి ఊదితే గొంతులు కలవవు. సాక్స్ 1843లోను, 1845లోను పొందిన పేటెంట్లతో ఒక కుటుంబాన్నే తయారుచేశాడు. చేతిలో ఇమిడే చిన్నదాని మొదలు ఒడిలో పెట్టుకొని ఊదవలసిన పెద్దదాని వరకు అన్నిటికీ ఒకే పోలిక, క్రమంగా వెడల్పయ్యే ఒకే తీరు గొట్టం, ఒకే రకం వాల్వులు. వీటినే సాక్స్‌హార్న్‌లు అన్నారు. ఒకటి పలికితే దానికి అన్నో, తాతో అయినది క్రింది స్థాయిలో అదే గొంతుతో బదులు పలుకుతుంది. అన్నిటికంటె ముఖ్యం, ఒకదాని మీద వ్రేళ్లు ఆడించడం నేర్చినవాడు మిగిలిన అన్నిటి మీదా ఆడించగలడు. ఒక ఆసామి పనికోసం ఊరు విడిచినా, మంచాన పడినా, వాని స్థానంలో ప్రక్కవాడు కూర్చోవచ్చు. సంగీతం వృత్తిగా లేని కూలివారు పదిమంది కూడి బ్యాండు పెట్టుకోగలిగినది ఈ ఒక్క సౌకర్యం వల్లనే అని మా అభిప్రాయం.

ఫ్రెంచి సైనిక బ్యాండ్లు అప్పుడు నీరసించి ఉన్నాయి. వాటిని తన వాద్యాలతో సంస్కరించవచ్చునని సాక్స్ ప్రభుత్వానికి విన్నవించాడు. పాత పద్ధతివారు ఒప్పుకోలేదు. చివరకు 1845 ఏప్రిల్ 22వ తేదీన పారిస్ నగరంలోని షాం ద మార్స్ మైదానంలో వేలాది జనం ఎదుట పోటీ పెట్టారు. సైనిక సంగీత పాఠశాల అధిపతి కరాఫా 45 మందితో పాత వాద్యాలు ఊదించాడు. సాక్స్ వైపు వచ్చినవారు 38 మందే. తక్కినవారు ఆ పూట మొగం చాటువేశారు. ఎవరో డబ్బిచ్చి మాన్పించారని చెప్పుకొన్నారు. సాక్స్ తానే ఒక వాద్యం అందుకొని వరుసలో నిలిచాడు. తక్కువమంది ఊదినా అవతలివారి కంటె నిండుగా వినబడిందని జనం ఆయన పక్షమే పలికారు. కొద్ది నెలల్లోనే సైన్యం ఆయన వాద్యాలను అంగీకరించింది. మరుసటి సంవత్సరం 1846లో సాక్సఫోనుకు పేటెంటు వచ్చింది. దానిది ఇత్తడి ఒళ్లు, క్లారినెట్టువలె రెల్లు పలక నోరు, కాబట్టి దాని జాతి వేరు.

గెలుపు వెంటే పగ వచ్చింది. పారిస్ వాద్యకారులు ఒక సంఘంగా కూడి, ఆయన పేటెంట్లు చెల్లవని కోర్టుకెక్కారు. ఆ వ్యాజ్యాలు ఇరవై ఏళ్ల వరకు సాగాయి. ఈ కథ చెప్పేవారు సాధారణంగా సాక్స్‌ను ధర్మరాజుగాను, అవతలివారిని కౌరవులుగాను చూపుతారు. మేము అలా చూడలేకున్నాము. సైన్యపు గిరాకీ అంతా ఒక్క కార్ఖానాకు పోతే తక్కినవారి పొయ్యిలో పిల్లి లేవదు కదా! ఆయన స్వభావం కూడ మెత్తనిది కాదు. సాక్స్‌హార్న్, సాక్సోట్రోంబా, సాక్స్‌ట్యూబా, సాక్సఫోను అని తాను ముట్టిన ప్రతి గొట్టానికి తన ఇంటిపేరు పెట్టుకొన్నాడు. వాల్వు ఒకరిది, బ్యూగిల్ ఒకరిది, పేరు మాత్రం నీదా అని జర్మనులు అడిగిన ప్రశ్నలో పస లేకపోలేదు. అయినా వాటన్నిటినీ ఒక ఇంటివారిగా కూర్చినది ఆయన చేయే. కోర్టులలో చివరకు నెగ్గినది ఎక్కువగా ఆయనే. ఆ నెగ్గడానికి పెట్టిన ఖర్చే ఆయనను ముంచింది.

1848 విప్లవంలో రాజు పోగానే సైన్యపు ఉత్తరువులూ పోయాయి. 1852లో మొదటిసారి దివాలా తీశాడు. మూడవ నెపోలియన్ కాలంలో, 1854లో, మళ్లీ ఆదరణ కలిగింది. అదే రోజుల్లో పెదవి మీద కంతి లేచింది. ఊదేవానికి పెదవి పోతే ఏమి మిగులుతుంది? కొన్నేళ్లు నరకయాతన పడ్డాడు. పెద్ద వైద్యులు కోత తప్పదన్నారు. ఒక మూలికావైద్యుని చికిత్సతో 1859 నాటికి నయమయింది. ఆ వైద్యుణ్ణే తరువాత దొంగవైద్యుడని కోర్టుకు ఈడ్చారు. 1857 నుంచి పారిస్ సంగీత విద్యాలయంలో సైనిక విద్యార్థులకు సాక్సఫోను నేర్పాడు. 1870 యుద్ధంతో ఆ తరగతి మూతపడింది.

ఇంతలో ఆయన వాద్యాలు ఆయనను దాటి నడిచాయి. ఇంగ్లండులో డిస్టిన్ అనే తండ్రి, నలుగురు కొడుకులు కలిసి ఊరూరా కచేరీలు చేసేవారు. వారు 1844లో పారిస్ వచ్చి సాక్స్ వాద్యాలు చూసి, వాటినే పట్టుకొని స్వదేశంలో తిరిగారు. విన్నవారు ఊరికే ఉండలేదు. మిల్లు కూలీలు, గని పనివారు, కార్న్‌వాల్ తీరాన జాలరులు, ప్రార్థనాలయాల యువకులు చందాలు వేసుకొని, వాయిదాల మీద వాద్యాలు కొని బ్యాండ్లు పెట్టారు. 1853లో మాంచెస్టరు దగ్గర బెల్ వ్యూ తోటలో జరిగిన పెద్ద పోటీలో నెగ్గినది మోస్లీ అనే మిల్లు ఊరి జట్టు. మద్యపాన నిషేధ సంఘం వారి ఆ జట్టు పేరులోనే సాక్స్‌హార్న్ అనే మాట ఉన్నది. నేటికీ ఇంగ్లీషు బ్యాండులో టెనర్ హార్న్, బారిటోన్ అనేవి సాక్స్ బిడ్డలే. యుఫోనియం జర్మనుల ఇంట పుట్టినా ఆ కుటుంబంలో కలిసిపోయింది.

1878లో సాల్స్‌బరీ పట్టణంలో ఫ్రై అనే మేస్త్రీ, ఆయన ముగ్గురు కొడుకులు రక్షణ సైన్యం వారి వీధి కూటాలకు కాపలాగా వచ్చి, వెంట తెచ్చిన ఇత్తడి వాద్యాలు ఊదారు. రక్షణ సైన్యపు బ్యాండ్లకు అదే నాంది. నాలుగేళ్లకు, 1882లో, ఆ సైన్యం బొంబాయిలో దిగి వాద్యాలతో ఊరేగినందుకు పోలీసుల చేత చిక్కింది. అంతకు ముందే పటాలాల బ్యాండ్లు, సంస్థానాల బ్యాండ్లు మన దేశంలో ఉన్నాయి. పటాలం విడిచిన వాద్యకారులు పెండ్లి ఊరేగింపులకు దిగారు. మీరట్ నగరంలో ఈ వాద్యాల తయారీయే ఒక కులవృత్తి వంటిదయింది. జాలీ కోఠీ వీధి అందుకు నేటికీ పేరు మోసినది. మైసూరు రాజభవనపు బ్యాండులో సాక్సఫోను విని మోహపడిన ఒక మంగళూరు ప్రాంతపు బాలుడే తరువాత దానిమీద కర్ణాటక సంగీతం పలికించిన కద్రి గోపాల్‌నాథ్. ఆయన 2019లో కన్నుమూశారు.

ఇవేవీ చూడడానికి సాక్స్ లేడు. 1873లో మరొకసారి, 1877లో ఇంకొకసారి దివాలా తీశాడు. ఆ చివరిసారి కార్ఖానాతో పాటు, జీవితమంతా కూడబెట్టిన నాలుగువందల పైచిలుకు వాద్యాల సేకరణను కూడ వేలం వేశారు. వాటిలో కొన్ని వస్తుప్రదర్శనశాలలు చేరాయి. ముసలితనంలో సంగీతకారులు కొందరు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకొంటే చిన్న పింఛను దొరికింది. 1894 ఫిబ్రవరి 7వ తేదీన పారిస్‌లో మరణించాడు. సమాధి మోంమార్త్ర్ శ్మశానంలో ఉన్నది. బెల్జియం ప్రభుత్వం తరువాత తన 200 ఫ్రాంకుల నోటు మీద ఆయన బొమ్మ వేసింది. మూడుసార్లు అప్పులపాలైన మనిషి బొమ్మ డబ్బు మీద! 2014లో రెండువందల ఏండ్ల పండుగ దినాన్ ఊరిలో ఘనంగా జరిగింది.

మా ఊరి బ్యాండు ఇప్పుడు ఆరుగురికి దిగింది. యుఫోనియం ఊదే పెద్దాయన పోయిన తరువాత ఆ వాద్యం గోనెసంచిలో చుట్టి వెస్ట్రీ గదిలో పెట్టి ఉండేది. నేర్పేవారు లేరు గనుక అమ్మివేయుదామని కూడ ఒక కూటంలో మాట వచ్చింది. పోయిన క్రిస్మసుకు నెల ముందు, కార్నెట్ ఊదే పదహారేళ్ల కుర్రవాడొకడు దాన్ని విప్పి, చింతపండుతో తోమి, వాల్వులకు నూనె వేశాడు. మౌత్‌పీస్ పెద్దది కావడంతో మొదటి రెండు రోజులు గాలి తప్ప ఏమీ రాలేదు. పెదవులు వదులు చేసుకోవడం తెలిసేసరికి వారం పట్టింది. వ్రేళ్లకు మాత్రం కొత్తగా నేర్వవలసినది ఏమీ లేకపోయింది. ఆ రాత్రి జట్టు వెంట నడిచినప్పుడు క్రింది స్వరం మళ్లీ వినబడింది.