ఎం.ఎన్. గోవిందన్ నాయర్

ఎం.ఎన్. గోవిందన్ నాయర్ (1910 - 1984) కేరళకు చెందిన కమ్యూనిస్టు నాయకుడు, మాజీ మంత్రి. భూమిలేని వ్యవసాయ కూలీల కోసం గ్రామ పంచాయతీల ద్వారా అమలుచేసిన లక్ష ఇళ్ళ పథకానికి ఆద్యుడుగా ప్రసిద్ధుడు.

జీవితం

గోవిందన్ నాయర్ పందళంలో జన్మించాడు. స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొన్నాడు. 1957లో కేరళలో తొలి కమ్యూనిస్టు ప్రభుత్వం ఏర్పడినపుడు పార్టీ రాష్ట్ర కార్యదర్శిగా ఉన్నాడు. 1964లో పార్టీ చీలిన తరువాత సి.పి.ఐ.లో కొనసాగాడు. సి.అచ్యుత మీనన్ మంత్రివర్గంలో గృహనిర్మాణ శాఖను నిర్వహించాడు. 1977లో తిరువనంతపురం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

లక్ష ఇళ్ళ పథకం

1970 జనవరి 1న అమలులోకి వచ్చిన భూసంస్కరణలు, భూస్వాముల స్థలాలలో గుడిసెలు వేసుకున్నవారికి పల్లెలలో 10 సెంట్ల వరకు హక్కు కల్పించాయి. గుడిసె స్థలం కూడా లేని కూలీలకు వీటివలన ప్రయోజనం కలుగలేదు. వీరికోసమే 1972లో ఈ పథకం మొదలైంది. పంచాయతీకి సుమారు 100 ఇళ్ళు దీని లక్ష్యం. స్థలం సమకూర్చి, ఇళ్ళు కట్టించడంలో పంచాయతీలదే ముఖ్య పాత్ర. విరాళాలు, శ్రమదానం తోడయ్యాయి. ఖర్చు తగ్గించడానికి రెండేసి ఇళ్ళను ఒకే నడిమి గోడతో జంటగా కట్టారు.

లక్ష్యం పూర్తిగా నెరవేరలేదు. కుటుంబాలు పెరిగేకొద్దీ ఇళ్ళు ఇరుకయ్యాయి. గోడ ఉమ్మడి కావడంతో ఒక కుటుంబం తన ఇంటిని విడిగా తిరిగి కట్టుకోవడం కష్టమైంది. అందువలన తరువాతి ప్రభుత్వాలు జంట ఇళ్ళను విడి ఇళ్ళుగా మార్చే పనులు చేపట్టాయి. అయినా, సొంత స్థలం లేనివారికి స్థలంతో సహా ఇల్లు ఇచ్చే బాధ్యతను పంచాయతీ స్థాయికి తెచ్చిన పథకంగా ఇది నిలిచింది.

స్మారకం

తిరువనంతపురంలోని సి.పి.ఐ. రాష్ట్ర కార్యాలయానికి ఆయన పేరిట ఎం.ఎన్. స్మారకం అని పేరు పెట్టారు.