బొమ్మ సైన్యాల సేనాని వెల్సు

ఎచ్. జి. వెల్సు పేరు వినగానే చదువరులకు కాలయంత్రమూ, భూమిపైకి దండెత్తివచ్చిన కుజగ్రహవాసులూ, అదృశ్య మానవుడూ జ్ఞప్తికి వస్తారు. చరిత్రాభిమానులకు ఆయన రచించిన ప్రపంచ చరిత్ర స్ఫురిస్తుంది. కాని నడివయస్సులో, లోకప్రసిద్ధుడైన తరువాత, ఆయన ఇంటి నేలపై మోకాళ్లూని, రెండంగుళాల సీసపు సిపాయిలను కొలిచి కొలిచి జరుపుతూ యుద్ధక్రీడకు ఒక నియమావళి కూర్చిన సంగతి మనలో చాలామంది ఎరుగరు. దీనిని ఒక గొప్పవాని చాపల్యమని తోసివేయడం న్యాయం కాదు. యుద్ధమంటే మోజూ, యుద్ధమంటే రోతా ఒకే హృదయంలో ఎట్లా కాపురం చేశాయో తెలుసుకోవడానికి ఆ చిన్న ఆటను మించిన సాక్ష్యం లేదు.

వెల్సు 1866 సెప్టెంబరు 21వ తేదీన ఇంగ్లండులో కెంటు మండలంలోని బ్రామ్లీ పట్టణంలో జన్మించాడు. తండ్రి జోసఫ్ వెల్సు పింగాణి సామానూ, క్రికెట్టు సామగ్రీ అమ్మే చిన్న దుకాణదారు. తానూ మంచి బౌలరు. తల్లి సారా పెద్దింట దాసిగా పనిచేసి వచ్చిన ఇల్లాలు. దుకాణం ఏనాడూ కలిసిరాలేదు. 1874లో బాలుని కాలు విరిగింది. మంచం పట్టిన కొడుకుకు తండ్రి పుస్తకాలు తెచ్చియిచ్చాడు. ఆ విరిగిన కాలే తనను చదువరిని చేసి, తన బ్రతుకు దారి మళ్లించిందని వెల్సు తరువాత కాలంలో భావించాడు.

ఆ పుస్తకాల వెంట మరొకటి కూడా ఆ పసిమనస్సులో ప్రవేశించింది. 1934లో వెలువడిన ఆత్మకథలో వెల్సు దానిని దాచకుండా చెప్పుకున్నాడు. పదమూడేళ్ల ప్రాయం దాకా అతడు ఒంటరిగా తిరిగేటప్పుడల్లా మనస్సులో యుద్ధాలు నడిపేవాడు. చూసేవారికి అతడు చాలీచాలని తిండితో చిక్కిపోయి, ముతకబట్టలు కట్టి, పళ్ల సందున ఈలవేసుకుంటూ పోయే పేదపిల్లవాడు. అతని కంటికి మాత్రం చుట్టూ అశ్వారూఢులైన సేనాధికారులు ఉండేవారు. ఆజ్ఞలు మోసుకొని వార్తాహరులు పరుగులెత్తేవారు. ఊరి గుట్టమీదినుంచి ఫిరంగులు దిగువ ఇళ్లపైకి గురిపెట్టి ఉండేవి. తాను క్రామ్‌వెలునో, వాషింగ్టనునో, తొలినాళ్ల నెపోలియనునో అయినట్లు అతడు కలలు కనేవాడు.

ఆ యుద్ధాలలో అతడు ఒక్కనాడూ ఓడలేదు. ఓడడానికి అక్కడ ఎదిరివాడు లేడు, కొలత లేదు, నియమం లేదు. శత్రువు ఎక్కడ నిలవాలో, ఎప్పుడు పారిపోవాలో సేనానియే నిర్ణయించేవాడు. ఏకాంతంలో ఆడిన ఆ ఆట ఉత్త స్వాతిశయమేనని గ్రహించడానికి ఆయనకు చాలా ఏళ్లు పట్టింది.

తరువాతి కథ లోకవిదితమే. బట్టల దుకాణాలలో పనినేర్చుకొనే కుర్రవాడుగా కుమిలి, అక్కడినుంచి తప్పించుకొని, 1884లో లండనులోని సైన్సు కళాశాలలో చేరి, హక్స్లీ మహాశయుని పాదాల వద్ద జీవశాస్త్రం నేర్చాడు. 1895లో కాలయంత్రం కథతో కీర్తి వచ్చింది. కీర్తి వెంట కలిమి వచ్చింది. సాండ్‌గేటు వద్ద సముద్రతీరాన ఇల్లు కట్టుకున్నాడు. 1901లోనూ, 1903లోనూ ఇద్దరు కొడుకులు కలిగారు. బాల్యంలో విడిచిన ఫిరంగులు ఆ పిల్లల ఆటవస్తువుల రూపంలో తిరిగి ఆ యింట అడుగుపెట్టాయి.

యుద్ధాన్ని బల్లమీద ఆడడం వెల్సు కనిపెట్టిన విద్య కాదు. నెపోలియను చేతిలో చావుదెబ్బ తిన్న ప్రష్యా దేశంలోనే అది శాస్త్రంగా రూపొందింది. రైస్‌విట్జు అనే ఉద్యోగి 1812లో తమ రాజుకు అటువంటి ఆటబల్లను సమర్పించాడు. సైనికాధికారి అయిన ఆయన కుమారుడు 1824లో దానికి పటాలూ, పాచికలూ, తీర్పరీ చేర్చి, సేనాధికారుల శిక్షణకు తగిన గ్రంథంగా ప్రకటించాడు. ఇతర దేశాల సైన్యాలు కూడా ఆ పద్ధతిని అనుసరించాయి. కాని వెల్సు దృష్టిలో సైన్యాల వారి ఆట చప్పిడిది. అందులో చలనమూ లేదు, అనుకోని మలుపూ లేదు.

ఆయన ఆట పుట్టిన తీరు వేరు. ఒకనాడు సాండ్‌గేటులో భోజనానంతరం ఆయనా, హాస్యరచయిత జెరోము మిత్రుడూ పిల్లల బొమ్మలు చెల్లాచెదరుగా పడివున్న గదిలో కూర్చున్నారు. వాటి నడుమ స్ప్రింగుతో పేలే చిన్న ఫిరంగి ఒకటి ఉంది. దాని గుండు అంగుళమంత కొయ్యముక్క. తొమ్మిది గజాల దూరాన నిలిచిన బొమ్మ సిపాయిని అది పదింట తొమ్మిదిసార్లు పడగొట్టగలదు. జెరోము దానిని నింపి, గురిచూసి, ఒక సిపాయిని కూల్చాడు. వెంటనే పెద్దలిద్దరిలోనూ పిల్లలు మేల్కొన్నారు. విజ్ఞానసర్వస్వ సంపుటాలు కొండలయ్యాయి. నేల రణరంగమయింది.

అయితే పేల్చి పడగొట్టడం ఎంతసేపు వినోదమిస్తుంది? ఇక్కడినుంచే వెల్సులోని శాస్త్రజ్ఞుడు పని ప్రారంభించాడు. ఒక నియమం పెట్టడం, దానితో ఆడిచూడడం, అది ఎక్కడ బెసుకుతుందో గమనించి దిద్దడం — మిత్రులతో కలిసి ఇదే పరిశ్రమ. కాలిబంటు ఒక ఎత్తుకు అడుగు దూరం, రౌతు రెండడుగుల దూరం కదలవచ్చునన్నారు. మొదట రెండు సైన్యాలూ ఒకదానికొకటి కనబడేటట్లే మోహరించేవారు. అందువల్ల ఎదిరి ఎత్తులు ముందే తెలిసిపోయేవి. అప్పుడు రణరంగం నడుమ తాడు కట్టి తెర వేలాడదీశారు. ఇరువురూ సేనలు తీర్చిన తరువాతనే తెర తొలగేది.

కాలానికి కూడా హద్దు పెట్టారు. ముప్పదిమంది భటులకు ఒక నిమిషం, ఒక్కొక్క ఫిరంగికి ఒక నిమిషం. నూటపదిమంది భటులూ, మూడు ఫిరంగులూ ఉన్న సేనకు ఏడు నిమిషాలు. ఆ గడువులోనే ఆలోచించాలి, కొలవాలి, జరపాలి. ఫిరంగి దగ్గర ఆరంగుళాల లోపల కనీసం నలుగురు స్వపక్షీయులు లేకపోతే అది పనికిరాదు. కదిలిన ఫిరంగి ఆ ఎత్తులో పేలరాదు. పేలిన ఫిరంగి కదలరాదు. సేనలు ఒరిసిన చోట చచ్చినవారెందరో, చెరపడినవారెందరో సంఖ్యనుబట్టి తేలుతుంది. పాచికలు లేవు. కనుక ఓడినవాడు అదృష్టాన్ని నిందించి తప్పించుకోలేడు.

ఆ నియమాలలో ఒకటి మిక్కిలి గమనింపదగినది. కొండలనూ ఇళ్లనూ అమర్చి దేశాన్ని తీర్చేవాడు ఒకడు. ఏ వైపున నిలిచి పోరాడాలో ముందుగా ఎన్నుకొనేవాడు రెండవవాడు. తనకే అనుకూలంగా దేశాన్ని అమర్చుకుంటే ఆ అనుకూలమంతా ఎదిరివాని పాలవుతుంది. కాబట్టి తన స్వార్థం కోసమైనా అతడు రెండు పక్షాలకూ సమానంగా న్యాయం చేయక తప్పదు.

ఈ నియమావళిని వెల్సు 1913లో “చిన్న యుద్ధాలు” అనే అర్థం వచ్చే పేరుతో ప్రకటించాడు. అందులో ఒక పోరును వర్ణిస్తూ, ఉన్నట్టుండి పదవి విరమించిన ముసలి సేనాపతి గొంతుతో డంబాలు పలికి తన్ను తానే పరిహసించుకున్నాడు. కాని చివరి పుటలలో నవ్వు ఆగిపోతుంది. నేలపై మూడునాలుగుసార్లు ఆడినవానికి నిజమైన యుద్ధం ఎంత పొరపాట్ల పుట్టయో బోధపడుతుందని ఆయన భావం. తనతో ఆడిన సైనికోద్యోగులలో ఆట ప్రాథమిక నియమాలలోనే చిక్కుపడి తికమకపడనివారు లేరని చెప్పాడు. గుప్పెడు బొమ్మలతోనే ఇంత గందరగోళమైతే, లక్షల ప్రాణాలతో ఏమవుతుంది? యుద్ధపిపాసులైన పెద్దమనుషులందరినీ ఒక గదిలో పెట్టి ఈ ఆట ఆడుకొమ్మంటే లోకం సుఖపడుతుందని ఆయన ఆశించాడు. ఊహలో ఎన్నడూ ఓడని బాలునికి కొలబద్ద నేర్పిన పాఠం అది.

పుస్తకం వచ్చిన మరుసటి సంవత్సరమే, 1914 ఆగస్టులో, మహాయుద్ధం ప్రారంభమయింది. కొలబద్ద నేర్పిన పాఠాన్ని వెల్సు నిలుపుకోగలిగాడా? లేదనే చెప్పాలి. ప్రష్యా సైనికతత్త్వాన్ని ఒక్కసారి కూలదోస్తే ఇక యుద్ధమే ఉండదని నమ్మి, ఇది యుద్ధాలను అంతం చేసే యుద్ధమని ఆయన ప్రచారం చేశాడు. చిన్న ఆటలో తెర ఎత్తగానే ఎత్తుగడలు తారుమారవుతాయని చెప్పినవాడే, పెద్ద యుద్ధం మాత్రం తలచినట్లు ముగుస్తుందని విశ్వసించాడు. దానిని కపటమనడం తగదు. అది ఆశ చేసిన మోసం. 1916లో ఆయన ఇటలీ, ఫ్రాన్సు రణరంగాలను కళ్లారా చూశాడు. ఆ సంవత్సరమే వచ్చిన నవలలో, యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న ఒక తండ్రి చివరకు శత్రుదేశంలోని మరొక కన్నవారి దుఃఖాన్ని తన దుఃఖంతో కలిపి చూస్తాడు. 1918లో జర్మనీకి ఎదురుగా సాగిన ప్రభుత్వ ప్రచారంలో కొంతకాలం పనిచేసి, విభేదించి తప్పుకున్నాడు.

యుద్ధానంతరం ఆయన ప్రపంచ చరిత్రను చేపట్టడానికి ఈ పశ్చాత్తాపం కూడా ఒక కారణమయి ఉండవచ్చు. 1920లో గ్రంథరూపం దాల్చిన ఆ చరిత్రలో నెపోలియనును ఆయన ఏమాత్రం క్షమించలేదు. లోకానికి కొత్త వ్యవస్థ నీయగల అవకాశం చేతికందితే, దానిని స్వాతిశయానికి ధారపోసిన అల్పునిగానే చిత్రించాడు. చదివేవారికి ఆ కాఠిన్యం అతిగా తోచవచ్చు. కాని బ్రామ్లీ గుట్టపై ఈలవేసుకుంటూ తిరిగిన బాలుడు ఎవరుగా ఉండగోరాడో తెలిసినవారికి, అది ఆత్మవిమర్శగా కూడా కనిపిస్తుంది. 1934 నాటి ఆత్మకథలో ఆయన మరొక అడుగు ముందుకువేశాడు. హిట్లరు వేరెవరో కాదనీ, తాను పదమూడేళ్ల వయస్సులో కన్న పగటికలే శరీరం ధరించి వచ్చిందనీ ఒప్పుకున్నాడు. శత్రువును దూషించినవారు ఎందరో ఉన్నారు. శత్రువులో తన బాల్యాన్ని గుర్తుపట్టినవారు అరుదు.

రెండవ మహాయుద్ధంలో లండనుపై బాంబులు కురుస్తున్నా వెల్సు నగరం విడువలేదు. వృద్ధాప్యంలో మానవహక్కుల కోసం కృషిచేశాడు. 1914లోనే తన నవలలో ఊహించి పేరుపెట్టిన అణుబాంబు 1945లో హిరోషిమాపై పడడం చూశాడు. మరుసటి సంవత్సరం ఆగస్టు 13వ తేదీన కన్నుమూశాడు.

ఆయన ఆట మాత్రం చావలేదు. నెపోలియను నాటి సేనలను చిన్నబొమ్మలలో తీర్చి, కొత్త నియమావళులతో బల్లలపై పోరాడే వేడుకరులు నేటికీ అనేక దేశాలలో ఉన్నారు. వెల్సును తమ మూలపురుషులలో ఒకనిగా తలచుకుంటారు. కొత్త నియమాలు వచ్చినప్పుడు కొందరు తోడు లేకుండా ఒంటరిగానే ఆడి పరీక్షిస్తారు. అప్పుడు ఇరుపక్షాల సేనానీ ఒక్కడే. బల్లకు ఇటు నిలిచి ఫ్రెంచి సేనను నడపాలి. అటు వెళ్లి అంతే శ్రద్ధతో దాని శత్రువును నడపాలి. ఒకవైపుకు మొగ్గితే ఆట చెడిపోతుంది. ఏకాంతంలో ఆడే ఆటయే అయినా, బ్రామ్లీ బాలుని ఆటకూ దీనికీ ఎంత అంతరం! ఇక్కడ కొలబద్ద ఉంది, అవతలి పక్షం వాని తావులో నిలిచి చూడడం ఉంది. వెల్సు బొమ్మల సేనానులకు నేర్పగలిగినది అదే. రాజ్యాలకు నేర్పలేక మరణించినదీ అదే.