వినికిడి తగ్గినా వెనక్కి తగ్గని గిడుగు

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం. మన పిల్లలు పంచెలు, పట్టు లంగాలు కట్టుకుని బడికి వస్తారు. ఆ రోజు గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజని చాలామందికి తెలుసు. ఆయన చెముడుతో బతికారన్న సంగతి తక్కువమందికి తెలుసు.

ఆయన 1863లో ఇప్పటి శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మేనమామ ఇంట ఉండి విజయనగరంలో చదువుకున్నారు. 1880లో పర్లాకిమిడి బడిలో పంతులయ్యారు. ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరలకు చదువు చెప్పాలనుకున్నారు. అందుకు ముందు వాళ్ల భాష రావాలి. దానికి అప్పుడు లిపి లేదు. తెలుగు తెలిసిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, అతను పలికింది విని రాసుకుంటూ నేర్చుకున్నారు. సవర భాషలో పుస్తకాలు రాశారు, బడులు పెట్టారు.

మన్యంలో తిరిగినందుకు మలేరియా పట్టుకుంది. అప్పట్లో దానికి మందు క్వినైన్. అది ఎక్కువైతే లోపలి చెవి దెబ్బతింటుంది. ఆయనకు అలా వచ్చిన చెముడు జీవితాంతం ఉండిపోయింది.

అయినా పని ఆపలేదు. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పోరాడారు. అందుకోసం 1919లో ‘తెలుగు’ పత్రిక పెట్టారు. సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. 1940లో కన్నుమూశారు. పుంగనూరు పిల్లలు ఇవాళ వాడుక భాషలో పాఠాలు చదువుతున్నారంటే అందులో ఆయన శ్రమ ఉంది.

అయితే తల్లిదండ్రులు ఒక తేడా గమనించాలి. గిడుగు వారికి చెముడు వచ్చేసరికే భాష వచ్చేసింది. పుట్టుకతోనే వినపడని బిడ్డకు ఆ అవకాశం లేదు. అలాంటి బిడ్డ విషయంలో ప్రతి నెలా విలువైనదే. వినికిడి యంత్రం శబ్దాన్ని పెంచుతుంది. అది చాలనప్పుడు డాక్టర్లు కాక్లియర్ ఇంప్లాంట్ గురించి చెబుతారు. అది దెబ్బతిన్న భాగాన్ని దాటి వినికిడి నరానికే సంకేతాలు పంపుతుంది. ఆపరేషన్ కాగానే మాటలు రావు. నెలల తరబడి శిక్షణ కావాలి, అందులో ఇంట్లోవాళ్లు చేయాల్సిందే ఎక్కువ. అది అందరికీ సరిపడదు కూడా. సైగల భాష నేర్పాలనుకున్నా చిన్నప్పుడే మొదలుపెట్టడం మేలు.

వెనకనుంచి పిలిస్తే బిడ్డ పలకకపోయినా, టీవీ శబ్దం బాగా పెంచుతున్నా, వయసుకు తగ్గ మాటలు రాకపోయినా, వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయిలే అని ఊరుకోకండి. చెవి డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించండి. ఆడిప్ పథకం కింద కేంద్ర ప్రభుత్వం అర్హులైన చిన్నపిల్లలకు ఇంప్లాంట్ సాయం ఇస్తోంది, అడిగి తెలుసుకోండి. క్లాస్ టీచరుకూ చెప్పండి. వినపడని బిడ్డను పరధ్యానమని కోప్పడకుండా ముందు వరసలో కూర్చోబెడతారు.