భాగించకుండానే నిర్ణయం: గణితోపాధ్యాయుడు లూకాస్

ఫ్రాన్సు దేశంలోని అమియాన్ పట్టణంలో 1842 ఏప్రిల్ 4న ఎడ్వర్డ్ లూకాస్ జన్మించారు. పారిస్‌లో ఉన్నత విద్య ముగించి, కొంతకాలం అక్కడి ఖగోళ వేధశాలలో పనిచేశారు. 1870లో ప్రష్యాతో యుద్ధం సంభవించగా ఫిరంగి దళంలో అధికారిగా పాల్గొన్నారు. యుద్ధానంతరం ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించి, మొదట మూలాన్‌లోను, పిమ్మట పారిస్‌లోని ఉన్నత పాఠశాలలలోను గణితం బోధించారు.

2 యొక్క ఘాతం నుండి ఒకటి తీసివేయగా వచ్చే సంఖ్యలలో ప్రధాన సంఖ్యలు ఏవో తెలుపుతూ మెర్సెన్ అనే ఫ్రెంచి మతాచార్యుడు 1644లో ఒక జాబితా ప్రకటించి ఉన్నారు. అందులో 67, 127 అనే ఘాతాంకాలు కూడా ఉన్నాయి. 127వ ఘాతం నుండి వచ్చే సంఖ్య 39 అంకెలు గలది: 170141183460469231731687303715884105727. చిన్న సంఖ్యలతో వరుసగా భాగిస్తూ దీనిని పరీక్షించడానికి ఎన్ని తరాలైనా చాలవు. అందుచేత రెండు శతాబ్దాలకు పైగా ఆ జాబితాలోని నిజానిజాలు పూర్తిగా తేలలేదు.

లూకాస్ కనుగొన్న మార్గంలో కారణాంకాలను వెదకవలసిన పని లేదు. 7వ ఘాతం నుండి వచ్చే 127ను ఉదాహరణగా తీసుకుందాం. 3తో ప్రారంభించి, ప్రతి పదాన్ని వర్గం చేసి 2 తీసివేయాలి. ఫలితం 127ను మించితే దానితో భాగించి శేషాన్ని మాత్రమే గ్రహించాలి. అప్పుడు 3, 7, 47, 48, 16, 0 అని వస్తాయి. ఘాతాంకం 7 కనుక ఆరవ పదం సున్న అయింది. కాబట్టి 127 ప్రధాన సంఖ్య. 4చే భాగిస్తే 3 శేషంగా మిగిలే ప్రధాన ఘాతాంకాలకు ఈ పద్ధతి వర్తిస్తుంది. 67, 127 అటువంటివే.

1876లో లూకాస్ రెండు నిర్ణయాలు వెలువరించారు. 127 విషయంలో మెర్సెన్ మాట ఒప్పు. 67 విషయంలో తప్పు. అయితే 67వ ఘాతపు సంఖ్యకు కారణాంకాలు ఏవో ఆయన చూపలేదు, చూపనవసరమూ లేకపోయింది.

కష్టమైన గణితాన్ని వినోదంగా అందించడం ఆయనకు ప్రీతి. హనోయ్ గోపురం అనే ఆటను 1883లో మారుపేరుతో వెలువరించారు. కాశీలోని ఆలయంలో 64 బంగారు బిళ్ళలను పురోహితులు ఒక కడ్డీ నుండి మరొక కడ్డీకి మారుస్తున్నారనే కల్పిత కథ ఆ ఆటతో ప్రచారమైంది. ఆ పని పూర్తికావడానికి 18446744073709551615 కదలికలు కావాలి. ఇదీ 2 యొక్క 64వ ఘాతంలో ఒకటి తక్కువే.

1891లో ఒక విందులో పింగాణీ పాత్ర పగిలి, దాని ముక్క లూకాస్ చెంపకు తగిలింది. ఆ గాయం విషమించి అక్టోబరు 3న, 49వ ఏట ఆయన మరణించారు.

ఆయన నిర్ణయానికి కంటికి కనిపించే సాక్ష్యం పన్నెండేళ్ళకు లభించింది. 67వ ఘాతపు సంఖ్య 193707721, 761838257287ల లబ్ధమని 1903లో అమెరికా గణితవేత్త కోల్ చూపించారు. 39 అంకెల సంఖ్య 1951 వరకు, అంటే 75 ఏళ్ళపాటు, తెలిసిన ప్రధాన సంఖ్యలలో అతి పెద్దదిగా నిలిచింది. లూకాస్ పద్ధతిని లేమర్ 1930 దశకంలో మరింత సుగమం చేశారు. 2024లో వెల్లడైన 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలు గల ప్రధాన సంఖ్యను నిర్ధారించింది కూడా ఆ మార్గమే.