దుర్గాబాయిని ప్లీడరు చేసిన మదురై జైలు

నారాయణగూడ చౌరస్తా నుండి బర్కత్‌పుర మీదుగా విద్యానగర్ వెళ్తే ఆంధ్ర మహిళాసభ ఆవరణ వస్తుంది. చిక్కడపల్లి, అశోక్‌నగర్ వైపు నుండి వచ్చేవారికీ అది దూరమేమీ కాదు. అక్కడి దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆసుపత్రి పేరు వినని వారు తక్కువ. ఆ పేరు చూసి ఎవరో గొప్పింటి ఆడపడుచు అనుకోవచ్చు గాని, ఆమె కథ వేరు.

1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదో ఏటనే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆమె ఆ పెళ్ళి తనకు సమ్మతం కాదన్నారు. వేరే పెళ్ళి చేసుకోమని భర్తకు తానే నచ్చజెప్పి విడిపోయారు. తరువాత అతను కాలం చేసినప్పుడు, అతని రెండో భార్యకు పని నేర్పించి ఆదుకున్నదీ ఆమే. ఈ కాలంలోనైనా అంత మనసు ఎందరికి ఉంటుంది?

బడిలో ఇంగ్లీషు చదువు రుద్దడం గిట్టక బడి మానేసి, ఆడపిల్లలకు హిందీ నేర్పే పాఠశాల పెట్టారు. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేశారు. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు. నిర్వాహకులు టిక్కెట్టు కొనిచ్చాకే లోపలికి పోనిచ్చారు. అందరూ చెప్పుకునే ముచ్చట ఇదే గాని, ఆమె బతుకు మలుపు తిరిగింది జైలులో.

1930 ఉప్పు సత్యాగ్రహం మొదలు మూడేళ్ళలో మూడుసార్లు ఆమెను జైలులో పెట్టారు. మదురై జైలులో ఏకాంత ఖైదు వల్ల ఆరోగ్యం దెబ్బతింది. అక్కడ హత్యానేరం మీద శిక్షలు పడిన ఆడవాళ్ళను చూశారు. చదువు లేదు, చట్టం తెలియదు, కోర్టులో తమ గోడు చెప్పుకునే దిక్కు లేదు. వీళ్ళ తరఫున నిలబడాలంటే లా చదవాలని దుర్గాబాయి అక్కడే నిశ్చయించుకున్నారు.

బడి మానేసిన మనిషి మళ్ళీ అక్షరాల దగ్గర కూర్చున్నారు. కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ ప్రైవేటుగా కట్టి గట్టెక్కారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే, ఆడపిల్లలకు హాస్టలు లేదన్నారు. హాస్టలు కావలసిన ఆడపిల్లలు రండని ఆమె పత్రికలో ప్రకటన వేయించి, కొందరిని కూడగట్టి తామే హాస్టలు నడుపుకున్నారు. బి.ఏ. అయ్యాక మద్రాసులో లా చదివి 1942లో పట్టా పుచ్చుకున్నారు. మద్రాసు హైకోర్టులో క్రిమినల్ కేసులు వాదించారు. ఆంధ్ర మహిళాసభను అంతకుముందే, 1937లో, మద్రాసులోనే నెలకొల్పారు. హైదరాబాదుకు అది తరువాత వచ్చింది.

1946లో రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. అధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపేందుకు ఎంపిక చేసిన వారిలో స్త్రీ ఆమె ఒక్కరే. పార్లమెంటు ఎగువ సభకు కనీస వయసు 35 అని ముసాయిదాలో ఉంటే, 30 చాలునని సవరణ తెచ్చి నెగ్గించారు. ఆడవారి ఆస్తి హక్కు కోసం గట్టిగా వాదించారు. 1952 ఎన్నికలలో ఓడిపోయినా నెహ్రూ ఆమెను ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ ఏడే ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను పెళ్ళాడారు. సాక్షి సంతకం పెట్టిన వారిలో నెహ్రూ ఒకరు, అంటే ముప్పై ఏళ్ళ కిందట ఆమె టిక్కెట్టు అడిగి ఆపిన పెద్దమనిషే!

1975లో భార్యాభర్తలిద్దరికీ పద్మవిభూషణ్ వచ్చింది.

1953లో చైనా వెళ్ళినప్పుడు అక్కడి కుటుంబ కోర్టులు చూసి వచ్చారు. మొగుడూ పెళ్ళాల తగవులు మామూలు కోర్టుల్లో ఏళ్ళ తరబడి నలగకుండా మనకూ అలాంటివి కావాలని నెహ్రూతోనూ, జడ్జీలు చాగ్లా, గజేంద్రగడ్కర్‌లతోనూ చర్చించారు. ఆ పని ఆమె బతికుండగా కాలేదు. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. కుటుంబ కోర్టుల చట్టం 1984లో వచ్చింది.