సత్యసంధుడైన గడియారశిల్పి జార్జి గ్రాహాం

నక్షత్రములు తమ వేళ తప్పక ఆకాశమున సంచరించుచుండును. వాని గమనమును కొలువవలెనన్న, మానవుడు చేసిన గడియారము కూడ వేళ తప్పరాదు. అట్టి గడియారములను వేధశాలలకు సమకూర్చిన మహనీయుడు జార్జి గ్రాహాం.

ఈయన 1673లో ఇంగ్లండునందలి కంబర్లండు సీమలో జన్మించెను. 1688లో లండను నగరమున గడియారముల పనికి శిష్యుడుగా కుదిరెను. పిమ్మట సుప్రసిద్ధుడగు థామస్ టాంపియన్ వద్ద చేరి, ఆయన సోదరుని కుమార్తెను వివాహమాడెను. 1713లో టాంపియన్ గతించగా ఆ వృత్తిభారము గ్రాహాముపై బడెను.

నాటి లోలక గడియారములకు రెండు లోపము లుండెను. పళ్లచక్రమును ఆపి విడుచు కొక్కెము ప్రతి ఊపునకును చక్రమును ఒకింత వెనుకకు నెట్టుచుండెను. గ్రాహాం 1715 ప్రాంతమున ఆ వెనుకడుగు లేకుండ కొక్కెమును తీర్చిదిద్దెను. రెండవది ఎండ వలన కలుగు లోపము. వేసవిలో లోలకపు కడ్డీ సాగి ఊపు మందగించును. చలికాలమున కురుచయై వేగము హెచ్చును. ఉష్ణము 10 సెంటిగ్రేడు డిగ్రీలు మారిన, ఉక్కు కడ్డీ గల గడియారము దినమునకు సుమారు 5 సెకనులు తప్పును. ఇది ఇంటి గడియారమునకు లెక్కలోనిది కాదు. జ్యోతిశ్శాస్త్రజ్ఞునకు మాత్రము ఒక్క సెకను తప్పినను నక్షత్రస్థానము 15 వికలలు తప్పవచ్చును.

గ్రాహాం 1721లో లోలకపు గుండునకు బదులు పాదరసము నింపిన పాత్రను అమర్చెను. కడ్డీ క్రిందికి సాగినపుడు పాదరసము పైకి పొంగును. ఒకదాని తప్పును మరియొకటి దిద్దును. అట్టి గడియారము దినమునకు సుమారు ఒక సెకను తేడాతో నడిచెను. ఈ రహస్యమును దాచుకొనక, 1726లో రాయల్ సొసైటీ పత్రికలో లోకమునకు వెల్లడించెను. గ్రీనిచ్ వేధశాలాధిపతి హాలీకి, శాస్త్రజ్ఞుడు బ్రాడ్లీకి ఆకాశమును కొలుచు యంత్రములను గూడ నిర్మించి యిచ్చెను.

ఆయన ఔదార్యమునకు పరీక్ష 1730 ప్రాంతమున వచ్చెను. జాన్ హారిసన్ అను పల్లెటూరి వడ్రంగి, సముద్రముపై వేళ తప్పని గడియారము చేయ నెంచి, హాలీ సలహాపై గ్రాహాం ఇంటికి వచ్చెను. తన యుక్తిని అపహరింతురేమోయని అతడు శంకించెను. మొదట మాటలు పొసగలేదు. కాని ఉదయము 10 గంటలకు మొదలైన సంభాషణ రాత్రి 8 గంటల దాక సాగెను. ఇత్తడి, ఉక్కు కడ్డీలను జతచేసి ఎండ దోషమును హారిసన్ నివారించియుండెను. రెండు లోహములతో ఆ పని సాధింప గ్రాహాం తానే పూర్వము యత్నించి విడిచెను. అయినను అసూయ చెందక, వడ్డీగాని తాకట్టుగాని కోరక ధనమిచ్చి అతనిని ప్రోత్సహించెను. హారిసన్ కాలక్రమమున ఆ నావికా గడియారమును సాధించెను.

గ్రాహాం 1751లో పరమపదించెను. వెస్ట్‌మినిస్టర్ ఆలయమున తన గురువు టాంపియన్ సమాధియందే ఆయనను ఖననము చేసిరి. ఆయన పద్ధతినే అనుసరించిన శిల్పి జాన్ షెల్టన్. ఆ షెల్టన్ చేసిన గడియారమొకటి మదరాసు వేధశాలకు చేరి, దక్షిణాపథమున నక్షత్రముల వేళను లెక్కించెను. దాచక పంచిన విద్య యిట్లు దేశములు దాటి ఫలించెను.