న్యాయవాది ప్రకాశం పంతులుగారు

ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారు తుపాకి ఎదుట రొమ్ము విప్పి నిలిచిన ఘట్టం మన పిల్లలకు సైతం కంఠస్థమే. ఉగాది సంచికలలో అది చాలాసార్లు వచ్చింది. నేను వ్రాయబూనినది అంతకు పదిహేడేళ్ళ ముందుమాట. నల్లకోటు తొడుక్కుని, ఒక హత్యకేసులో ముద్దాయి పక్షాన పంతులుగారు నిలబడిన నాటి ముచ్చట.

దానికి కారణం చెప్పుకోవాలి. మాది చింతామణి తాలూకా కెంచార్లహళ్ళి. ఇంట తెలుగు, బడిలో కన్నడం. తెలుగు చదవడం నాకు అబ్బిందంటే అది మా తాతగారి ట్రంకుపెట్టెలోని డిటెక్టివు నవలల పుణ్యమే. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ కథలు అట్టలు ఊడిపోయేదాకా చదివాను. ఇప్పటికీ రాత్రి డ్యూటీలో సంచిలో ఒకటి ఉంటుంది. అయితే ఆ పుస్తకాలన్నీ ఒకేచోట ఆగిపోతాయి. డిటెక్టివు వేలెత్తి హంతకుణ్ణి చూపుతాడు, పోలీసులు బేడీలు వేస్తారు, కథ అయిపోతుంది. ఆ తరువాత కోర్టులో ఏమవుతుంది? ఆ వేలు పొరపాటున మరొకరివైపు తిరిగితే వాడికి దిక్కెవరు? ఈ సంగతి ఏ నవలాకారుడూ నాకు చెప్పలేదు. పంతులుగారి జీవితం చదివిన తరువాతనే తెలిసింది.

పంతులుగారు 1872 ఆగస్టు 23న ఒంగోలు ప్రాంతంలోని వినోదరాయునిపాలెంలో జన్మించారు. మనదేశపు సాక్ష్యచట్టం అమలులోకి వచ్చినది ఆ సంవత్సరమే సెప్టెంబరు 1వ తేదీన. అంటే బిడ్డ పుట్టిన తొమ్మిదవనాడు. తండ్రి గోపాలకృష్ణయ్యగారు పంతులుగారి పదకొండవ యేటనే గతించారు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి బిడ్డలను సాకింది. పూటకూళ్ళంటే ఆ రోజులలో బంధువులలో చిన్నచూపు. ఆ తల్లి దానిని లెక్కచేయలేదు. కుర్రవాడిలో చురుకు కనిపెట్టిన ఉపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు అతనిని చేరదీసి రాజమండ్రి తీసుకువెళ్ళి చదివించారు. నాటకాలలో వేషాలు కట్టించారు. పదిమంది ముందు జంకకుండా గొంతెత్తడం ఆ రంగస్థలం మీదనే అలవడి ఉంటుందని నా ఊహ.

రాజమండ్రిలో సెకండుగ్రేడు ప్లీడరుగా పంతులుగారు బాగా సంపాదించారు, పురపాలక సంఘ అధ్యక్షులు కూడా అయ్యారు. కాని ఆ పట్టాతో పైకోర్టులలో వాదించే హక్కు లేదు. మా రైల్వేలో క్లాసు మారనిదే కుర్చీ మారనట్లే. దానితో మాంసం, మద్యం, పొగ ముట్టనని తల్లికి మాటయిచ్చి 1904లో ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై, 1907లో మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు.

ఆ 1907లోనే లండనులో ఒక వింత జరిగింది. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయిల్ కథలు వ్రాసే కలం పక్కనబెట్టి, నిజమైన ముద్దాయి కోసం పత్రికలో వాదనకు దిగాడు. బొంబాయి పార్సీ తండ్రికి పుట్టిన జార్జి ఎడల్జీ అనే యువకుడు, రాత్రివేళ పొలాలలో పశువులను కోశాడనే నేరంపై 1903లో శిక్షపడి మూడేళ్ళు జైలులో ఉన్నాడు. అతను పత్రికను కళ్ళకు ఆనించుకుని చదవడం డాయిల్ చూశాడు. ఇంత చూపు తక్కువవాడు చీకటిలో కంచెలు దాటి ఆ పని ఎట్లా చేశాడని అడిగాడు. ఆ యేడే క్షమాపణ దొరికింది గాని, పరిహారం మాత్రం ఒక్క పెన్నీ ఇవ్వలేదు. హంతకుణ్ణి పట్టే కథలు వ్రాసినవాడికే విడిపించే వాదం నేర్వవలసి వచ్చింది.

ఇక పంతులుగారి కేసు. 1911 జూన్ 17న తిరునెల్వేలి కలెక్టరు ఆష్ దొర భార్యతో కొడైకెనాలు బయలుదేరి, మణియాచ్చి జంక్షనులో మొదటితరగతి పెట్టెలో కూర్చుని ఉన్నాడు. వాంచినాథన్ అనే యువకుడు పెట్టె ఎక్కి పిస్తోలుతో కాల్చాడు. కాల్చి ప్లాటుఫారం మీది మరుగుదొడ్డిలో దూరి తన్ను తానే కాల్చుకున్నాడు. జేబులో ఉత్తరం దొరికింది. ఆ స్టేషను పేరు ఇప్పుడు వాంచి మణియాచ్చి. మాకు కోడు ఎం.ఇ.జె. ఆ మూడు అక్షరాలు ఏ కాగితం మీద కనబడినా నాకు చేయి ఒక్కక్షణం ఆగుతుంది.

చూడండి, ఇందులో డిటెక్టివుకు పనిలేదు. చంపినదెవరో తెలుసు, ఎందుకో తెలుసు, చంపినవాడు చచ్చిపోయాడు. ఇక మిగిలినది ఒకే ప్రశ్న. ఆ రోజు ప్లాటుఫారం మీద లేనివాళ్ళు ఎంతమంది ఈ పాపంలో భాగస్వాములు? ప్రభుత్వం నీలకంఠ బ్రహ్మచారి మొదలు పద్నాలుగురిని బోనెక్కించింది. విచారణ మద్రాసు హైకోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల ఎదుట జరిగింది. తెల్లదొర హత్య, రాజద్రోహపు కుట్ర. అటువంటి ముద్దాయి పక్కన నిలబడే వకీలు మీద కూడా పోలీసు కన్ను పడే రోజులవి. నిందితులలో ఒకరి తరఫున పంతులుగారు నిలబడ్డారు.

ఇటువంటి కుట్రకేసులకు ఆయువుపట్టు అప్రూవరు. తానూ కుట్రలో ఉండి, క్షమాభిక్ష పుచ్చుకుని, తోటివారిమీద సాక్ష్యం చెప్పేవాడు. ఈ కేసులోనూ అటువంటివారున్నారు. సాక్ష్యచట్టం ఇక్కడ రెండు నాల్కలతో మాట్లాడుతుంది. 133వ సెక్షను అప్రూవరు మాటమీద శిక్ష వేసినా తప్పులేదంటుంది. 114వ సెక్షనులోని ఉదాహరణ, ముఖ్యాంశాలలో ఇతర సాక్ష్యం బలపరిస్తే తప్ప వాడిని నమ్మదగదని భావించవచ్చునంటుంది. ముద్దాయి వకీలు పనంతా ఈ రెండింటి నడుమ సందులోనే. కథ నిజమా కాదా అన్నది అతని ప్రశ్న కాదు. ఆ కథలో నా ముద్దాయి పేరు ఎక్కడ వచ్చింది, అక్కడ అప్రూవరు నోరు కాక మరో ఆధారం ఉందా? ఒక్కొక్క మనిషికి ఒక్కొక్కసారిగా అడగాలి. పద్నాలుగురిని ఒకే తాటికి కట్టిన ముడిని ఒక్కొక్క పోగుగా విప్పాలి.

ఇది నాకు పుస్తకంలో చదివినప్పటికంటె ఒక స్టేషనులో బాగా బోధపడింది. నగదు తక్కువ వచ్చిందని ఒక పోర్టరు మీద విచారణ పెట్టారు. తోడు కూర్చోమని నన్ను బతిమాలాడు. అందరమూ వాడే తీశాడనుకుంటున్నాము, నేను కూడా. సాక్షి తానూ చిక్కుకున్నవాడే. ఆ సంగతి రెండుసార్లు అడిగాను, అంతే. ఉద్యోగం నిలిచింది. వాడు నిజంగా తీశాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. కాని వాడి పిల్లలు బడికి పోతున్నారు.

1912 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. తొమ్మిదిమందికి శిక్ష పడింది, మిగిలినవారు విడుదలయ్యారు. నీలకంఠ బ్రహ్మచారికి ఏడేళ్ళు. ఉరికంబం మాత్రం ఎవరూ ఎక్కలేదు. పంతులుగారి కక్షిదారు స్వల్పశిక్షతో బయటపడ్డాడు.

తరువాతి కథ అందరికీ తెలిసినదే కనుక త్వరగా చెబుతాను. 1921లో పంతులుగారు ప్రాక్టీసు వదలి స్వరాజ్య పత్రిక పెట్టి, ఆర్జించినదంతా అందులో పోశారు. 1928లో మద్రాసులో సైమను కమిషను నాటి కాల్పులు. 1937లో రెవెన్యూ మంత్రి, 1946లో మద్రాసు ప్రధాని, 1953లో ఆంధ్రరాష్ట్ర తొలి ముఖ్యమంత్రి. మరుసటి సంవత్సరం మద్యనిషేధపు వివాదంలో మంత్రివర్గం ఒక్క ఓటుతో కూలింది. ఎందరినో ఒప్పించిన నోరు ఆ ఒక్కరిని ఒప్పించలేకపోయింది. ఎనభై నాలుగేళ్ళ వయసులో ఎండలో పల్లెలు తిరిగి, వడదెబ్బ తగిలి 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. పుట్టిన జిల్లాకు 1972లో వారి పేరే పెట్టారు. వారితోపాటు పుట్టిన సాక్ష్యచట్టం 2024 జూలై 1 వరకు బ్రతికి, కొత్త చట్టానికి చోటిచ్చింది.

ఒక్క సంగతి మిగిలింది. ఆ కేసులో మొదటి ముద్దాయి నీలకంఠ బ్రహ్మచారి జైళ్ళన్నీ అయిన తరువాత సన్యసించి ఓంకార్ స్వామి అనే పేరుతో మా నంది కొండ దగ్గర స్థిరపడ్డారు. 1978లో అక్కడే దేహం చాలించారు. చిన్నప్పుడు మా తాతగారితో నంది జాతరకు ఎన్నిసార్లు వెళ్ళానో. అప్పటికి ఆయన పోయి చాలాకాలమైంది. ఆయన ఎవరో మాకెవరూ చెప్పలేదు. మేము బెల్లం మిఠాయి కొనుక్కుని, బస్సులో డిటెక్టివు నవల చదువుకుంటూ తిరిగి వచ్చేవాళ్ళం.